వడగళ్ళకు పోయిన స్పోర్ట్స్ కారు స్థానంలో ఇంకొకటి: నాలుగైదు నడిపి చూశాక ఎలా తేల్చుకోవాలి

మార్చి నుంచి మే దాకా డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ఆకాశం వంక చూడటం అలవాటైపోయింది. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఏ ఊరైనా సరే, పెద్ద వడగళ్ళు పది నిమిషాలు పడితే చాలు, ఆఫీసు పార్కింగ్‌లో ఉన్న కారు ఒళ్ళంతా సొట్టలే. అల్యూమినియం బానెట్, గుడ్డ పైకప్పు ఉన్న చిన్న స్పోర్ట్స్ కారైతే మరీనూ. ఇన్సూరెన్స్ వాళ్ళు చూసి టోటల్ లాస్, అంటే రిపేరు చేయించడం దండగ అనేస్తారు. ఇష్టంగా చూసుకున్న కారు టో ట్రక్కు మీద వెళ్ళిపోతుంది. చేతికి చెక్కు వస్తుంది, దాంతో పాటే ఇప్పుడు ఏది కొనాలన్న ప్రశ్నా వస్తుంది.

ఈ గైడ్ అలాంటి వాళ్ళ కోసం. పాత కారు బాగానే ఉండి మార్చాలనుకునేవాళ్ళకీ చాలా భాగం పనికొస్తుంది. మొదటిసారి స్పోర్ట్స్ కారు కొనేవాళ్ళకి లేనిది మీకు ఒకటుంది: ఒక కారుతో కొన్నేళ్ళు గడిపిన అనుభవం. దాన్ని ఎక్కడ నడిపారు, పక్కన ఎవరిని కూర్చోబెట్టుకున్నారు, ఏది విసిగించింది, ఏది లేక ఇప్పుడు వెలితిగా ఉంది, అదంతా మీకు తెలుసు. ఆ తెలిసినదాన్ని పక్కన పెట్టి హార్స్‌పవర్ పట్టికలు చూసి కొన్నవాళ్ళు ఏడాది తిరక్కుండా మళ్ళీ అమ్మకానికి పెట్టడం చాలాసార్లు చూశాను. అందుకే ఇక్కడ ప్రతి మెట్టులోనూ కొత్త కారుని పాత కారుతోనే కొలుద్దాం.

ముందు చెక్కు సంగతి

షోరూము మెట్లెక్కే ముందు సెటిల్‌మెంట్ తేలాలి. ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేది యాక్చువల్ క్యాష్ వాల్యూ, అంటే వడగళ్ళు పడక ముందు మీ కారుకి మార్కెట్లో ఉన్న ధర. ఆ ధర ఎలా కట్టారో చూపించే వాల్యుయేషన్ రిపోర్టు అడిగి తీసుకోండి. మీ కారుని ఏ ఏ కార్లతో పోల్చారో అందులో ఉంటుంది. వాటి ట్రిమ్ (ఒకే మోడల్‌లో ఏ రకమో), మైళ్ళు, ఆప్షన్లు ఒక్కొక్కటే సరిచూడండి. స్పోర్ట్స్ కార్ల విషయంలో తప్పులు దొర్లేది ఇక్కడే. మాన్యువల్ గేర్లున్న మాజ్డా మియాటా క్లబ్ ట్రిమ్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (మలుపుల్లో వెనక చక్రాలకి పట్టునిచ్చేది), బిల్‌స్టీన్ షాక్ అబ్జార్బర్లు ఉంటాయి, కొన్నిటికి బ్రెంబో బ్రేకులు, బీబీఎస్ వీల్స్ కూడా. దాన్ని మామూలు స్పోర్ట్ ట్రిమ్ కార్లతో పోల్చి లెక్క కడితే నష్టపోయేది మీరే.

అలా జరిగిందనిపిస్తే కొన్నప్పటి విండో స్టిక్కరు, అదే ట్రిమ్‌లో ఇప్పుడు అమ్మకానికి ఉన్న కార్ల ప్రకటనలు, కొత్త టైర్ల రసీదులు జతచేసి ఈమెయిల్‌లో అభ్యంతరం చెప్పండి. ఫోన్లో మాట్లాడి వదిలేయొద్దు. పాలసీలో అప్రైజల్ క్లాజ్ ఉందేమో చూడండి. ఉంటే, ధర దగ్గర రాజీ కుదరనప్పుడు రెండు వైపులా మదింపుదారులను పెట్టుకుని తేల్చుకునే వీలుంటుంది. సేల్స్ టాక్స్, టైటిల్ ఫీజు కలిపారో లేదో కూడా అడగండి. లోను ఉంటే చెక్కు ముందు బ్యాంకుకే వెళ్తుంది, మిగిలిందే మీ చేతికొస్తుంది. లోను బాకీ కారు ధర కంటే ఎక్కువుంటే ఆ తేడా కట్టే గ్యాప్ కవరేజ్ ఉందేమో పాత కాగితాలు తిరగేయండి.

రెంటల్ కారు గడువు అయిపోతోందని కంగారుపడి సంతకం పెట్టకండి. ఇంట్లో ఉన్న రెండో కారుతోనో, సహోద్యోగుల కారులోనో కొన్ని వారాలు సర్దుకోవడం మేలు. నచ్చని కారుకి కట్టే ఈఎంఐ ఏళ్ళ తరబడి సాగుతుంది.

ఇంకో పని ఇప్పుడే చేసేయండి: మనసులో ఉన్న ప్రతి మోడల్‌కీ, అమ్మకానికి ఉన్న ఒక కారు విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) ఇచ్చి ఇన్సూరెన్స్ కోట్ తీసుకోండి. మస్టాంగ్‌కీ మియాటాకీ ప్రీమియంలో తేడా చూస్తే జాబితాలోంచి ఒకటి రెండు పేర్లు నడపక ముందే కొట్టేస్తారు.

పాత కారు ఎలా వాడారో రాసుకోండి

కాగితం మీద, నిజాయితీగా. కారుతో ఏం చేద్దామనుకున్నారో వద్దు, ఏం చేశారో రాయండి. రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళారా, శని ఆదివారాలకేనా? ట్రాక్ డే (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) కోసమని కొన్న హెల్మెట్ వాడారా, అల్మారాలోనే ఉందా? క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌కో, డికేటర్ దగ్గరి ఈగిల్స్ కాన్యన్ ట్రాక్‌కో నిజంగా వెళ్ళారా? హిల్ కంట్రీలో లేకీ ఊరి చుట్టూ ఉన్న 335, 336, 337 నంబరు రాంచ్ రోడ్ల మీద తిప్పారా? వేసవిలో టాప్ తీసి నడపగలిగింది పొద్దున్నే తప్ప ఎప్పుడైనా ఉందా? జులై మధ్యాహ్నం వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో కన్వర్టిబుల్ అన్న మాటకి అర్థం మారిపోతుంది.

తర్వాత మనుషుల సంగతి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి నెలల తరబడి ఉంటారు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు నేలకానుకుని ఉండే సీట్లో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. వాళ్ళను గుడికి తీసుకెళ్ళడానికి ఇంట్లో ఎస్‌యూవీ ఉంటే రెండు సీట్ల కారుకి అడ్డేమీ లేదు. ఇంట్లో ఇద్దరికీ ఆఫీసులు వేర్వేరు దిక్కుల్లో ఉండి, పిల్లల్ని స్కూల్లో దింపే వంతు మీకూ పడుతుంటే వెనక సీటు తప్పనిసరి. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తేలితే జాబితా సగానికి సగం తగ్గుతుంది.

ఆ కాగితం కిందే రెండు వాక్యాలు రాయండి. పాత కారులో ఏది పోగొట్టుకోవడం ఇష్టం లేదు? ఏది ఇక భరించలేను? రెండోదానికి చాలామంది రాసేది హైవే మీద రొద, సీటు వల్ల నడుం నొప్పి, సామాను చోటు. మొదటిదానికి గేర్ లివర్, స్టీరింగ్, శబ్దం. ఈ కాగితం ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, ప్రతి టెస్ట్ డ్రైవ్‌కి ముందు చదవండి.

జాబితా

నా దృష్టిలో నడిపి చూడదగ్గవి ఇవి. అన్నీ కాదు, వీటిలో మీ కాగితానికి సరిపోయిన నాలుగైదు చాలు. ఇంతకంటే ఎక్కువైతే మొదట నడిపినది ఎలా ఉందో మర్చిపోతారు.

మాజ్డా మియాటా నాలుగో తరం 2016 మోడల్‌గా వచ్చింది. మొదట్లో 155 హార్స్‌పవర్. 2019లో ఇంజన్ మార్చి 181 చేశారు, 7,500 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, స్టీరింగ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది. ఆ ఒక్క మార్పు చాలామందికి కూర్చునే తీరునే సరిచేసింది, అందుకే పాతది కొంటే 2019 తర్వాతిదే చూడమంటాను. మొదటి రెండేళ్ళ కార్లలో గేర్‌బాక్స్ ఫిర్యాదులు కూడా ఉన్నాయి. బరువు 2,350 పౌండ్ల దగ్గర. ఈ రోజుల్లో ఇంత తేలికైన కారు కొత్తగా దొరకడమే అరుదు. ఆరడుగులు దాటినవాళ్ళకి, ముఖ్యంగా ఆర్‌ఎఫ్ అనే గట్టి టాప్ మోడల్‌లో, తల తగులుతుంది.

టొయోటా జీఆర్86, దాని కవల సుబారు బీఆర్‌జడ్. 2022 నుంచి 2.4 లీటర్ల ఇంజన్, 228 హార్స్‌పవర్. ముందు తరం 2.0 లీటర్ల ఇంజన్‌లో మధ్య ఆర్‌పీఎంల దగ్గర లాగుడు చచ్చుబడేది, కొత్త ఇంజన్‌తో ఆ బాధ తీరింది. వెనక సీటు పేరుకే ఉంది, చంటిపిల్లల సీటు కష్టంగా పడుతుంది. కానీ ఆ సీటు మడిస్తే నాలుగు చక్రాలు, జాక్, టూల్ బాక్స్ పట్టేస్తాయి, ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళకి అది బంగారం. బేస్ మోడల్‌కి 17 అంగుళాల చక్రాలు, మామూలు టైర్లు. ప్రీమియంకి 18 అంగుళాలు, పైలట్ స్పోర్ట్ 4 టైర్లు. రెండూ నడిపితే రెండు వేర్వేరు కార్లనిపిస్తాయి, కాబట్టి ఏది నడిపారో రాసుకోండి. ట్రాక్ మీద పొడుగాటి కుడి మలుపుల్లో ఆయిల్ ప్రెషర్ పడిపోతుందన్న చర్చ ఓనర్ల మధ్య బాగా నడిచింది. ట్రాక్ డేలు మీ ఉద్దేశమైతే దాని గురించి చదివి వెళ్ళండి.

ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. 5.0 లీటర్ల వీ8, 2018 నుంచి 2021 దాకా 460 హార్స్‌పవర్, 2022, 2023 మోడళ్ళలో 450, 2024లో వచ్చిన కొత్త తరంలో 480. ఆ శబ్దం కోసమే కొనేవాళ్ళున్నారు, వాళ్ళని తప్పుపట్టను. వెనక సీట్లో పిల్లలు కూర్చోగలరు. బరువు 3,800 పౌండ్లు దాటుతుంది, మియాటా నుంచి వచ్చేవాళ్ళకి అది ప్రతి మలుపులోనూ తెలుస్తుంది. కొత్త తరంలో నాలుగు సిలిండర్ల ఎకోబూస్ట్‌కి మాన్యువల్ లేదు. దీనికి పోటీ అయిన షెవీ కమారో 2024 మోడల్‌తో ఆగిపోయింది, పాతవే దొరుకుతాయి.

టొయోటా జీఆర్ సుప్రా. లోపల బీఎండబ్ల్యూ వారి 3.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. 2020 మోడల్‌లో 335 హార్స్‌పవర్, 2021 నుంచి 382. మాన్యువల్ 2023లో వచ్చింది. రెండే సీట్లు, చిన్న కిటికీలు. నడిపేటప్పుడు తప్పకుండా ఒక అద్దం దించి 50 మైళ్ళు దాటించండి. లోపల గాలి గుబగుబమని చెవుల మీద కొట్టడం ఈ కారుకి బాగా తెలిసిన జబ్బు. కొందరు పట్టించుకోరు, కొందరు ఆ ఒక్కదానికే వద్దనుకుంటారు. నిస్సాన్ జడ్ కూడా ఈ కోవలోదే: 400 హార్స్‌పవర్, రెండు సీట్లు, పాత 370జడ్ నడిపినవాళ్ళకి ఇంటికొచ్చినట్టుంటుంది.

పోర్షె కేమన్, బాక్స్‌టర్. ఇవి మాట్లాడుకోవాల్సింది పాతవాటి గురించే. 981 అనే తరం, అమెరికాలో 2013 నుంచి 2016 దాకా, బేస్ మోడల్‌లోనూ ఆరు సిలిండర్ల ఇంజనే. ఆ తర్వాత 718గా మారినప్పుడు బేస్, ఎస్ రెండిటికీ నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. వేగం పెరిగింది, శబ్దం పోయింది. జీటీఎస్ 4.0లో మళ్ళీ ఆరు సిలిండర్లు, ధర కూడా ఆ మేరకే. స్టీరింగ్, సీటు, బ్రేక్ పెడల్ మూడూ ఇంత పొందిగ్గా కుదిరిన కారు ఈ జాబితాలో ఇంకోటి లేదనే నా నమ్మకం. చెప్పుకోవాల్సిన లోటు గేరింగ్. రెండో గేరులోనే హైవే స్పీడ్ లిమిట్ దాటిపోతుంది కాబట్టి మామూలు రోడ్డు మీద గేర్లు మార్చే సరదా తక్కువ. ముందూ వెనకా రెండు డిక్కీలుండటం వల్ల రెండు సీట్ల కార్లలో ఊళ్ళకి వెళ్ళడానికి ఇదే అనుకూలం.

షెవీ కార్వెట్ 2020 నుంచి ఇంజన్ వెనక్కి మారింది. 6.2 లీటర్ల వీ8, 490 హార్స్‌పవర్, ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ మాత్రమే. మాన్యువల్ మీ కాగితంలో మొదటి మాటైతే ఇక్కడే ఆగిపోండి. బీఎండబ్ల్యూ ఎం2లో మాన్యువల్, వెనక సీట్లు, 450 దాటిన హార్స్‌పవర్, అన్నీ ఉన్నాయి. 3,800 పౌండ్ల బరువూ ఉంది.

నడపడం: అన్నిటికీ ఒకే దారి

డీలర్ దగ్గర సేల్స్‌మన్ చూపించే దారిలో నాలుగు కుడి మలుపులు, నాలుగు సిగ్నళ్ళు ఉంటాయి, పది నిమిషాల్లో అయిపోతుంది. దాంతో ఏమీ తెలియదు. ముందే ఫోన్ చేసి అరగంట కావాలనీ, దారి నేనే చెబుతాననీ అడగండి. పాత కారు ఫలానాది, పోయింది, చెక్కు చేతిలో ఉంది అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. వారం మధ్యలో పొద్దున పూట వెళ్తే ఇంకా సులువు. శనివారం మధ్యాహ్నం వెళ్ళొద్దు. ఇంకొకటి, ఇంజన్ చల్లగా ఉంచమని అడగండి. పొద్దున మొదటి స్టార్టింగ్ శబ్దం, చల్లని గేర్‌బాక్స్‌లో రెండో గేరు పడే తీరు, ఇవి వేడెక్కాక దొరకవు.

కదలక ముందు పది నిమిషాలు కూర్చోండి. ఇది ఎవరూ చెయ్యరు, నేను మాత్రం దీన్నే ముఖ్యమంటాను. సీటు కిందకీ వెనక్కీ జరిపి, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా చూసుకోండి. భుజాలు సీటుకి ఆన్చి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద పడాలి. ఈ రెండూ ఒకేసారి కుదరకపోతే ఆ కారు మీ ఒంటికి కట్టింది కాదు, గంట ప్రయాణానికే నడుం చెబుతుంది. ట్రాక్ ఉద్దేశముంటే హెల్మెట్ పెట్టుకుని తల తగులుతుందేమో చూడండి. కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడండి, ఎంత కనబడుతోంది?

ఆ తర్వాత పార్కింగ్‌లోనే క్లచ్. ఆక్సిలరేటర్ ముట్టకుండా మొదటి గేరులో క్లచ్ నెమ్మదిగా వదిలి కారు కదిలించండి. ఎక్కడ పట్టుకుంటోందో కాలికి స్పష్టంగా తెలియాలి. సాయంత్రం ఐదు గంటలకి డాలస్ నార్త్ టోల్‌వే మీద జరుక్కుంటూ వెళ్ళేటప్పుడు మీ ఎడమ కాలు భరించాల్సింది ఇదే.

దారిలో నాలుగు రకాల రోడ్లుండాలి. మొదట కాలనీ రోడ్లు, స్పీడ్ బంపులు. ముందు బంపర్ గీసుకుంటుందేమో సేల్స్‌మన్‌ని దించి చూడమనండి. మీ ఇంటి డ్రైవ్‌వే వాలు నిటారుగా ఉంటే దాని మీదకే తీసుకెళ్ళడం ఇంకా మంచిది.

రెండోది సర్వీస్ రోడ్డు నుంచి ఫ్రీవే కింద తిరిగే టెక్సస్ యూటర్న్. మన ఊళ్ళో స్పోర్ట్స్ కారుని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. వేగం 20 మైళ్ళు కూడా అక్కర్లేదు. రెండో గేరులో లోపలికి తిప్పి, మధ్యలో పాదం కొంచెం కొంచెంగా నొక్కుతూ బయటికి రండి. స్టీరింగ్ బరువు పెరుగుతూ చేతికి ఏమైనా చెబుతోందా, లేక మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువా? ముందు చక్రాలు బయటికి జారబోతే చేతికి తెలిసిందా? మియాటాలో ఒళ్ళంతా ఒక పక్కకి ఒరుగుతుంది, ఆ ఒరుగుడు వల్లే ఎంత పట్టు మిగిలిందో తెలుస్తుంది. జీఆర్86లో ఒరుగుడు తక్కువ, ముక్కు వెంటనే తిరుగుతుంది, ఆక్సిలరేటర్ మీద పాదం కదిలిస్తే వెనక భాగం జవాబిస్తుంది. మస్టాంగ్‌లో ముక్కు బరువుగా మొదలై, బయటికొచ్చేటప్పుడు వెనక టైర్లే పని చేస్తున్నట్టుంటుంది. ఈ మూడూ మూడు రకాల ఇష్టాలు. ఏది గొప్ప అని కాదు, మీ పాత కారు దేనికి దగ్గరో గమనించండి.

మూడోది ఫ్రీవే. ఇక్కడ కాంక్రీటు రోడ్లు. కొన్ని అడుగులకొక అతుకు, దాని మీద టైరు పడ్డ ప్రతిసారీ దెబ్బ. 121 మీదో, జార్జ్ బుష్ టర్న్‌పైక్ మీదో 70 మైళ్ళ వేగంలో ఐదు నిమిషాలు రేడియో కట్టేసి నడపండి. పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగారా? కన్వర్టిబుల్ అయితే టాప్ వేసీ, తీసీ రెండు రకాలుగానూ చూడండి. ఫ్రీవే ఎక్కే ర్యాంప్ మీద రెండో గేరు నుంచి మూడో గేరుకి ఒకసారి పూర్తిగా లాగించండి, చాలు. టెస్ట్ డ్రైవ్‌లో లిమిట్ దాటి నడపడం వల్ల టికెట్టు తప్ప కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

నాలుగోది ఖాళీ రోడ్డు మీద బ్రేకు. వెనక ఎవరూ లేరని చూసుకుని 40 మైళ్ళ నుంచి గట్టిగా, తర్వాత మెత్తగా. బ్రేకు తొక్కుతూనే కుడి పాదం అంచుతో ఆక్సిలరేటర్ తాకించడం మీకు అలవాటైతే పెడళ్ళ ఎత్తు కుదిరిందో లేదో ఇక్కడే చూడాలి. కొత్త కార్లలో ఆటోమేటిక్ రెవ్ మ్యాచింగ్ (గేరు దించేటప్పుడు ఇంజన్ వేగాన్ని కారే సర్దడం) ఉంటే అది ఆపేసి కూడా చూడండి.

టైర్లు ఏవో ప్రతిసారీ ఫోటో తీయండి. పక్క గోడ మీద డాట్ నంబరు చివర నాలుగు అంకెలుంటాయి. 3521 అంటే 2021లో 35వ వారంలో తయారైందని. ఆరేడేళ్ళ పాత టైర్లతో నడిపిన కారు ఎలా ఉందో చెప్పడం అన్యాయం, అది టైర్ల తీర్పే అవుతుంది. సమ్మర్ టైర్లయితే 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కింద రబ్బరు గట్టిపడి పట్టు పోతుంది. జనవరి పొద్దున నడిపి జారుతోందని కారుని తీసిపారేయొద్దు.

నడిపొచ్చాక

సేల్స్‌మన్ లోపలికి రమ్మని కుర్చీ చూపిస్తాడు. వెళ్ళొద్దు. మర్యాదగా థాంక్స్ చెప్పి, మీరు వచ్చిన కారులో కూర్చుని ఐదు నిమిషాలు ఫోన్లోనే వాయిస్ నోట్ పెట్టుకోండి. తోచింది తోచినట్టు చెప్పండి, మార్కులు వేయొద్దు. మర్నాడు విన్నప్పుడు ఏ కారు గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువసేపు మాట్లాడారో, ఏ కారుకి గుర్రపు బలం, ధర తప్ప ఇంకేమీ చెప్పలేకపోయారో మీకే వినబడుతుంది.

ఆ రాత్రి కొనేయాలనిపించిన కారు దాదాపు ఎప్పుడూ అన్నిటికంటే వేగమైనదే అవుతుంది. వారం ఆగండి. వేగం తాలూకు ఊపు తగ్గి సీటు, స్టీరింగ్, గేర్ లివర్ గుర్తొస్తాయి. అప్పుడు ఆ మొదటి కాగితం తీయండి. ఇక భరించలేనన్న లోటు ఉన్న కారుని కొట్టేయండి, ఎంత బాగున్నా సరే. పోగొట్టుకోవడం ఇష్టం లేదన్నది లేని కారుని కూడా. ఇంకా రెండు మిగిలితే వాటిని ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి, అదే దారిలో మళ్ళీ నడపండి. ఈసారి భార్యనో, భర్తనో పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ కారులో ఆస్టిన్ దాకా వస్తావా అని అడగండి. జవాబులో తడబాటు ఉంటే లెక్కలోకి తీసుకోండి. పిల్లల సీటు ఉంటే ఇంటి నుంచి తెచ్చి బిగించి చూడండి, పడుతుందని సేల్స్‌మన్ చెప్పిన మాట నమ్మొద్దు.

గెలిచిన కారు పాత కారు మోడలే అయితే అది వెనకడుగు కాదు. అదే మియాటా కొత్త ఏడాదిది, మంచి సీట్లతో కొనుక్కుని హాయిగా ఉన్నవాళ్ళున్నారు. అలాగే రోజువారీ వాడకం పెరిగి, కాగితమంతా రొద, నడుం నొప్పి అని నిండిపోతే కేమన్ వైపో, ఎం2 వైపో వెళ్ళడం సబబే.

గ్యారేజ్ కొలతా తీసుకోండి. ఈసారి కారు లోపలే ఉండాలి కదా. కార్వెట్ వెడల్పు, తలుపు తెరుచుకునే చోటు, పక్కన ఎస్‌యూవీ, టేపుతో కొలిచి చూసుకోవాల్సినవే.

సెకండ్ హ్యాండ్ అయితే

డీలర్‌కి సంబంధం లేని, ఆ బ్రాండ్ తెలిసిన మెకానిక్ దగ్గర ప్రీ పర్చేజ్ ఇన్‌స్పెక్షన్ చేయించండి. వద్దనే అమ్మకందారు దగ్గర కొనొద్దు. పోర్షె అయితే ఇంజన్ ఓవర్ రెవ్ రిపోర్టు తీయించండి. తప్పు గేరు వేసి ఇంజన్‌ని హద్దు దాటించిన సందర్భాలన్నీ అందులో రేంజులవారీగా ఉంటాయి. 2008 దాకా వచ్చిన పాత బాక్స్‌టర్లు, కేమన్లు చూస్తుంటే ఐఎంఎస్ బేరింగ్ (పాడైతే ఇంజన్‌నే దెబ్బతీసే లోపలి భాగం) గురించి అడగండి, 2009 నుంచి ఇంజన్ మారింది. కన్వర్టిబుల్స్‌కి టాప్ కింద నీళ్ళు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుపోతాయి. సీట్ల వెనక కార్పెట్ చేత్తో నొక్కి తడి ఉందేమో చూడండి.

మన ప్రాంతంలో వడగళ్ళు పడిన కారుని సొట్టలు తీసి అమ్మడం మామూలే. బానెట్ తెరిచి కింది వైపు టార్చి వేసి చూస్తే పనిముట్టు గుర్తులు కనబడతాయి. రిపేరు బాగా చేస్తే తప్పేమీ కాదు, ధరలో తగ్గాలి అంతే. కారు చరిత్ర చూపే కార్‌ఫాక్స్ రిపోర్టులో ప్రమాదం లేదంటే ప్రమాదం జరగలేదని కాదు, ఎవరూ నమోదు చేయలేదని. ఇంజన్ ట్యూన్ మార్చిన కార్లని, ముఖ్యంగా టర్బోవి, నేనైతే వదిలేస్తాను.

బేరం

నెలకి ఎంత కడతారు అన్న ప్రశ్నకి జవాబివ్వొద్దు. అవుట్ ది డోర్ ధర ఈమెయిల్‌లో అడగండి: కారు ధర, డాక్ ఫీజు (డీలర్ కాగితాల ఖర్చు), టాక్స్, టైటిల్, డీలర్ బిగించిన వస్తువులు, అన్నీ వరసగా. టెక్సస్‌లో వాహనాల టాక్స్ 6.25 శాతం. పాత కారు ట్రేడ్ ఇన్ ఇస్తే దాని ధర తీసేసి మిగతా మీదే వేస్తారు, కాలిఫోర్నియాలో ఆ తగ్గింపు ఉండదు. బయటివాళ్ళ దగ్గర కొంటే, మీరిచ్చిన ధర మరీ తక్కువగా ఉంటే, రాష్ట్రం లెక్కగట్టిన మార్కెట్ ధరలో 80 శాతం మీద టాక్స్ పడుతుంది.

దొరకడం కష్టమైన మోడళ్ళ మీద మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో స్టిక్కరు ధరకి పైన వేస్తారు. అది కట్టొద్దనే నా సలహా. హ్యూస్టన్, ఆస్టిన్, ఓక్లహోమా సిటీ డీలర్లకి కూడా అదే ఈమెయిల్ పంపండి. కారు తెచ్చుకునే దారిలో నాలుగు గంటల డ్రైవ్ ఎలాగూ కలిసొస్తుంది. లోను ముందే క్రెడిట్ యూనియన్‌లో ఆమోదం చేయించుకుని వెళ్తే ఫైనాన్స్ గదిలో గట్టిగా నిలబడగలరు. అక్కడ చెప్పే పెయింట్ ప్రొటెక్షన్, నైట్రోజన్ టైర్లు, కీ ఇన్సూరెన్స్ ఏవీ అక్కర్లేదు.

తాళాలు తీసుకునే ముందు కొత్త విన్ నంబరు ఇన్సూరెన్స్‌లో ఎక్కించండి. వడగళ్ళకి కాంప్రిహెన్సివ్ కవరేజే వర్తిస్తుంది, దాని డిడక్టిబుల్ ఎంతో మరోసారి చూసుకోండి. వాహన పూజకి గుడికి తీసుకెళ్తే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాక నెమ్మదిగా కదిలించండి, కింద ముందు అంచు చాలా తక్కువ ఎత్తులో ఉంటుంది. కొత్త కారైతే మొదటి వెయ్యి మైళ్ళు ఇంజన్‌ని పూర్తిగా లాగించకుండా, ఒకే వేగంలో గంటల తరబడి నడపకుండా చూడండి. పాత కారు ప్లేటు నంబరు టోల్‌ట్యాగ్ ఖాతాలోంచి తీసేసి కొత్తది చేర్చండి. లేకపోతే ఆ కారుని సాల్వేజ్‌లో (టోటల్ లాస్ కార్ల అమ్మకంలో) కొన్నవాళ్ళ టోల్ బిల్లులు మీ ఇంటికొచ్చే ప్రమాదముంది.